బూడిద రంగు లేని చెక్క

2009 నవంబర్ 12, ఎడిసన్

పాత రంగులు పరీక్షించే నా దగ్గరికి ఎలెన్ గారు తెచ్చిన చెక్కముక్కను ఈ రోజు సూక్ష్మదర్శిని కింద మళ్ళీ చూశాను. సరుకుల స్టీమర్ తలుపులో ముక్క అది. మీగడ రంగు, ఆకుపచ్చ, మళ్ళీ మీగడ రంగు. రంగు పొరలు నిద్రపోతున్న అలల్లా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలోకి వెళ్ళేటప్పుడు ఓడంతా పూసిన బూడిద రంగు మాత్రం ఎక్కడా లేదు. అంటే యుద్ధానికి ముందే ఊడదీసిన ముక్క. టార్పెడో తగిలి ఓడ మునిగినప్పుడు అందులో పనిచేసిన తన తండ్రి చివరిదాకా పట్టుకున్న చెక్క ఇదేనని తల్లి చెప్పగా, ఎలెన్ గారు ఇన్నేళ్ళూ నమ్మారు.

మధ్యాహ్నం మా సింధు ఫోన్ చేసింది. “పాపం మమ్మీ, గ్రే ఉందని చెప్పేయ్. ఎవరు చెక్ చేస్తారు?”

“నేనే,” అన్నాను.

సాయంత్రం ఎలెన్ గారు వస్తే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చాలాసేపు చెక్కను నిమిరారు.

“అయితే మా నాన్నే ఇంటికి తెచ్చి ఉంటాడు. అప్పటికి ఆయనకి ఏ భయమూ లేదు, కదూ?”

దానికి ఏ పొరలోనూ ఆధారం లేదు. అయినా తల ఊపాను. తప్పు చేశానేమో... కళ్ళు మూసుకుంటే ఆ ఓడ ఎండలో, మీగడ రంగులో, ఎక్కడికో నిదానంగా వెళుతూనే ఉంది.