ఆపకూడని మెషీన్

1994 జూలై, మంగళవారం రాత్రి

వీడియో గేమ్ షాపులవాళ్లకు ఫీజు తీసుకుని వ్యాపార సలహాలు చెబుతున్నాను కానీ, ఇలాంటి ప్రశ్న ఎప్పుడూ ఎదురవలేదు. సాయంత్రం స్టేషన్ దగ్గర అప్పలరాజు షాపుకు వెళ్లాను. మూలనున్న పాత మెషీన్‌ను ఎవరూ ముట్టుకోవడం లేదు. అయినా రాత్రీపగలూ నడుస్తూనే ఉంది.

"అది అమ్మేయండి. ఊరికే కరెంటు తినేస్తోంది," అన్నాను.

"ఆపేస్తే పేరు పోతాది బాబూ."

స్క్రీన్ మీద అన్నిటికన్నా పై స్కోరు పక్కన, పోయిన నెల చనిపోయిన అతని తమ్ముడి పేరు వెలుగుతోంది.

"ఆడు ఆడిన ఆఖరాట అది. ఇప్పుడు సెప్పండి, ఏటి సెయ్యమంటారు?"

ఫీజు తీసుకోకుండానే వచ్చేశాను.

ఇది రాస్తుండగానే కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించాను. అప్పలరాజు షాపుకూ ఇదే లైను.