పిలిచినా పలకని ఈగ

మెల్‌బోర్న్,
జూలై, మంగళవారం.

చెల్లెలు టామ్సిన్‌కు అక్క ఆశీస్సులు.

ఇక్కడ అమ్మ, పిల్లి, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. పెర్త్‌లో నువ్వూ బాగుండే ఉంటావు, నువ్వెప్పుడు బాగాలేవు కనక! అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. వాన పడితే సలుపుతోందట. అయినా శనివారం ఫుటీ ఆటకు వెళ్లి, చలిలో నిలబడి మాంసం కూరిన రొట్టె తిని, అంపైర్‌ను నోరారా తిట్టి వచ్చింది. "చెల్లి పేరు పేపర్లో పడిందే, నీది ఎప్పుడు పడుతుందే?" అని దారి పొడుగునా నన్ను పొడిచింది.

ల్యాబులో నేను పెంచే ఈగల గదిలో, ఈగలను చంపే మైట్ల బెడద తగ్గిందా అని కూడా అడిగావు. నా ఈగలు పంపమని నువ్వు రాస్తే, మైట్లు పట్టి చచ్చిపోయాయని జవాబిచ్చాను కదా. నువ్వు జాలిపడి దేశంలోని ఈగలవాళ్లందరినీ హెచ్చరించావు. ఆ పురుగు చొక్కా అంచు పట్టుకుని గదులు మారుతుందని ఎవరికి తెలియదు? ఇప్పుడు నా ఈగల సీసా ముట్టేవాడు లేడు. నిన్న టీ గదిలో పక్క ల్యాబు లాక్లన్, "అక్కడే ఆగు తల్లీ! బిస్కట్టు నేనే విసురుతా, పట్టుకో" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నెల కిందటే నీ పెట్టె వచ్చింది. "పాపం అక్కా, మళ్లీ మొదలుపెట్టు" అన్న చీటీతో నీ దగ్గరున్న ఈగ రకాలన్నీ పంపావు. ఇంకా ఎవరికీ చూపించని నీ కొత్త ఈగలు కూడా అందులోనే ఉన్నాయి.

టామ్సిన్, నా గదిలో మైట్లు లేవు. ఎప్పుడూ లేవు. నా ఈగలు దుక్కల్లా ఉన్నాయి. నీ మీద కుళ్లుతో అబద్ధమాడాను. మన ఈగలవాళ్లలో ఎవరైనా అడిగితే ఈగలు ఇవ్వననడం గుక్కెడు మంచినీళ్లు లేవనడంతో సమానం. అందుకని చచ్చిపోయాయన్నాను.

ఎందుకో నీకు తెలుసు. ఈగ కంట్లో ఏడో కణం తనంతట తాను చూపు కణం కాలేదు. పక్కనున్న ఎనిమిదో కణం పిలవాలి, ఆ పిలుపు లోపలిదాకా చేరాలి. నా ఈగల్లో ఎంత పిలిచినా ఆ కణం పలకదు. నీ ఈగల్లో ఎవరూ పిలవకుండానే పలుకుతుంది. మన ఊరి ఒంటిగది బడిలో టీచరు నన్ను అడిగిన ప్రశ్నకు నువ్వు జవాబు చెప్పినట్టే! రెండు రకాలనూ కలిపి మనవల కళ్లు చూస్తే, పిలుపు దారిలో ఎవరి ఈగల్లో మారిన జన్యువు ముందో ఎవరిది వెనకో తేలిపోతుంది. ఆ సంగతి నీకంటే ముందు నాకే తెలియాలనుకున్నాను. నీ మంచితనం చూసి కరగలేదు, ఇంకా మండిపోయాను. నీ ఈగలను నా ఈగలతో జతకట్టించాను.

ఈ ఉదయానికి రెండో తరం పురుగుల ప్యూపా గూళ్లు సీసా గోడలకు అంటుకుని ఉన్నాయి. పెంకులోంచి ఎర్రటి కళ్లు కనిపిస్తున్నాయి. ఇంకొక్క రోజు ఆగితే చాలు. కుర్చీ లాక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను కూడా. లోకంలో ఎవరికీ తెలియనిది నాకొక్కదానికే తెలుస్తుందనగానే, ముందు ఎవరికి చెప్పుకోవాలా అని ఆలోచించాను. నువ్వు తప్ప ఎవరూ తోచలేదు. ఏడుపొచ్చింది.

అందుకే ఆ సీసాలను దూదిలో చుట్టి, ఈ ఉత్తరంతో పాటే రేపటికల్లా చేరే విమానం టపాలో వేస్తున్నాను. అవి నీ బల్ల మీదే కళ్లు తెరుస్తాయి. మైట్ల సంగతి అబద్ధమని అందరికీ నువ్వే చెప్పు, నన్ను వెనకేసుకురాకు. కళ్లు చూడగానే నాకు ఫోన్ చెయ్యి. నీ జన్యువే ముందని తేలితే నిన్ను అభినందించడానికి నాకో రెండు రోజులు గడువియ్యి.

ఇట్లు,
నువ్వంటే ఇప్పటికీ కుళ్లుకునే
నీ అక్క
నెరిడా