బంగారు అంచు కప్పులు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేనూ పిన్నీ కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో ఈసారైనా దాటవేయకుండా రాయి. పోయిన ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు: టమాటా గింజలు మొలిచాయా, పిన్నిని విసిగించడం లేదు కదా అని. రెండింటికీ జవాబు ఒకటే. కాస్త ఓపికగా చదువు.

నువ్వు నన్నిక్కడ దింపి వెళ్ళేముందు కాగితం మీద ఆరబెట్టి ఇచ్చిన పన్నెండు గింజల్లో ఎనిమిదింటిని గుడ్ల అట్టలో వేశాను. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుందని నువ్వన్నావుగా, ప్రతి గుంట అడుగునా సూదితో చిల్లు పొడిచాను. పైన కేకు డబ్బా ప్లాస్టిక్ మూత బోర్లించాను. ఐస్‌క్రీమ్ పుల్ల మీద తేదీ రాసి గుచ్చి, అట్టను కిటికీ గట్టు మీద పెట్టాను. పైసా ఖర్చు లేదు. తొమ్మిదో రోజుకు ఎనిమిదీ మెడలు వంచుకుని బయటికొచ్చాయి. 'అంకురం' అన్న మాటను ఆ రోజు ఎన్నిసార్లు పైకి అనుకున్నానో!

పదమూడో రోజు కాలేజీ నుంచి వచ్చేసరికి కిటికీ గట్టు ఖాళీ. పిన్ని ఆఫీసువాళ్ళు టీకి వస్తున్నారట.

"ఆ చెత్తంతా పారేశానే, పండితురాలా. వచ్చినవాళ్ళు చూస్తే నవ్విపోతారు."

"అవి మొలకలు పిన్నీ!"

"గుడ్ల అట్టలో మొలకలేమిటే? కావాలంటే కుండీ కొనుక్కో."

చెత్తబండి అప్పటికే వెళ్ళిపోయింది. గట్టు మీద తడి మరక ఒక్కటే మిగిలింది.

అమ్మా, పగ అన్న మాటను ఇన్నాళ్ళూ పుస్తకాల్లోనే చదివాను. ఆ పూట నా నాలుకకు దాని రుచి తెలిసింది. అద్దాల బీరువాలో బంగారు అంచు టీ కప్పులు ఆరు ఉన్నాయి కదా, ఎవరొచ్చినా పిన్ని బయటికి తీయదు. చెత్తలో పెంచితే నవ్విపోతారా? అయితే వాటిలోనే పెంచుతాను అనుకున్నాను. శనివారం ఆమె బయటికెళ్ళగానే తువ్వాల్లో చుట్టి వీధి చివరి వడ్రంగి దగ్గరికి మోసుకెళ్ళాను.

"కప్పుకి చిల్లా? ఎవరివమ్మా ఇవి?"

"మావే."

నీళ్ళు పోస్తూ నెమ్మదిగా డ్రిల్లు తిప్పాడు. రెండు పగిలాయి, నాలుగు నిలిచాయి. మిగిలిన నాలుగు గింజలూ వాటిలో వేసి, అదే గట్టు మీద, గుమ్మంలోంచే కనబడేలా పెట్టాను. పిన్ని ఏడవాలని ఎదురుచూశాను. అవును, ఏడవాలనే.

ఆమె ఒక కప్పు ఎత్తి అడుగు చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"అక్క మొదటి జీతంతో కొనిచ్చింది. ఒక్కటి పగిలినా సెట్టు పోతుందని వీటిలో ఎన్నడూ టీ కూడా పోయలేదు."

అంతే. ఆ సంగతి నువ్వు నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదమ్మా?

కాసేపటికి వంటింట్లోంచి అంది: "అక్కకు రాయకు. కడుగుతుంటే నా చేయి జారిందని నేనే చెబుతాలే."

చూశావా? నా తప్పు తన నెత్తిన వేసుకుని నన్ను ఓడించాలని చూస్తోంది. నేనొప్పుకోను. అందుకే చెబుతున్నాను, ఆమె చేయి జారలేదు. కావాలని చేసింది నేనే. నన్ను గట్టిగా తిట్టు. ఆ ఎనిమిది మొలకల కోసం ఆమెనూ తిట్టు.

నిన్నటికి మూడు మొలిచాయి. నాలుగో కప్పులో మట్టి ఆరకుండా పిన్ని రోజూ పొద్దున్నే చెంచాతో నీళ్ళు పోస్తోంది. నేను చూడనట్టే ఉంటున్నాను. ఇంకా క్షమించలేదు.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకుని కూర్చున్న కూతురు