వానల్లో చూడాల్సిన గోడ

గుంటూరు,
ఆగస్టు 19

ఇమ్మానియేలు అన్నయ్యకు,

వందనాలు. ముందే పెట్టేస్తున్నాను, ఉత్తరం చివరికి వచ్చేసరికి పెట్టే మనసు ఉంటుందో ఉండదో. ఫోన్లో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు, అందుకే కాగితం పట్టాను.

నిన్న నువ్వన్న మాట ఇదీ: "సెల్లార్లో మట్టి పోసి పూడ్చెయ్యవే. ఇమ్మానియేలు కట్టిన గోడ పడిపోయిందని నలుగురూ అనుకుంటే నా పరువేం కావాలి?" నీ పరువు సరే. ఆ సెల్లార్లో పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తారు. నా భర్త సాల్మన్ పోయాక నేను నిలదొక్కుకున్నది ఆ పని మీదే. పూడ్చేశాక మేమంతా ఎక్కడ కూర్చోవాలో అది కూడా నువ్వే చెప్పు.

"ఏ గోడకైనా బీటలుంటాయి" అన్నావు. ఇవి ఆ బీటలు కావు. పడమటి గోడకు సగం ఎత్తులో ఈ చివర నుంచి ఆ చివర దాకా అడ్డంగా ఒకటే పగులు. మూలల్లో ఇటుకల వెంట మెట్లు మెట్లుగా దిగిన పగుళ్లు. పైన మేకు కొట్టి తూకం గుండు వేలాడదీశాను. దారం పైనా కిందా గోడకు నాలుగంగుళాల దూరంలో ఉంది, మధ్యలో రెండున్నరే ఉంది. అంటే గోడ అంగుళమున్నర లోపలికి పొట్టలా ఉబ్బింది.

నువ్వు వచ్చి చూసిన రెండుసార్లూ మే నెలే. మేలో మన నల్లరేగడి ఎండిపోయి, కాలు దూరేంత నోరు తెరుచుకుని ఉంటుంది. గోడ జోలికి రాదు. పగులు కూడా మూసుకున్నట్టే కనిపిస్తుంది. నువ్వు దాని మీద సిమెంటు పూసి, సున్నం కొట్టి, కోడికూర తిని చీరాల బండెక్కుతావు. వానలు పడ్డాక అదే మట్టి నీళ్లు తాగి ఉబ్బి గోడను నెడుతుంది. ఇంత పేరున్న మేస్త్రివి, వానాకాలంలో ఒక్కసారి రాలేకపోయావా?

గుండు వేయడం నీకెక్కడిదని నవ్వుతావేమో. పదిహేడేళ్లప్పుడు నీ దగ్గరే రెండేళ్లు సిమెంటు మాలు మోశాను. ఒకరోజు బడి ప్రహరీ కడుతూ నువ్వు టీకి వెళ్లావు. నేను తాపీ తీసుకుని మూడు వరసలు పేర్చాను. నువ్వొచ్చి గుండు వేసి చూశావు. ఒక్క నూలు తేడా లేదు. అయినా కాలితో తన్ని పడగొట్టి, "తట్ట మోసేదానికి తాపీ ఎందుకే" అన్నావు. పనివాళ్లందరూ నవ్వారు. ఇరవై రెండేళ్లయింది, అమ్మకు కూడా చెప్పలేదు. నాకింకా మంటగానే ఉంది.

సెల్లార్ పూడ్చను.

నీ చెల్లెలు,
ఫెబా

గుంటూరు,
సెప్టెంబరు 24

అన్నయ్యా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోతే మానె, నేను రాస్తాను.

ఉజ్మా అని ఒక ఇంజినీరమ్మాయిని పిలిపించాను. గోడంతా తట్టి చూసి, కొలిచి, "కూల్చక్కర్లేదు ఆంటీ, కానీ ఇంకో వానాకాలం ఆగితే మాత్రం కూల్చాల్సిందే" అంది. లోపల జాకీలు పెట్టి, బయట వైపు కొంచెం కొంచెంగా మట్టి తవ్వి బరువు తీయాలట. గోడకు ఆనించి నాలుగు ఇనుప గడ్డర్లు నిలబెట్టి, కింద కాంక్రీటులో పాతి, పైన స్లాబుకు బిగించాలట. పగిలిన వరసల్లో ఇటుకలు మార్చాలి. తవ్విన చోట మళ్లీ రేగడి పోయకూడదు, నీళ్లు నిలవకుండా దిగిపోయేలా గ్రావెలే పోయాలి.

ముగ్గురు మేస్త్రులను అడిగాను. ముగ్గురిదీ ఒకటే మాట: "ఇమ్మానియేలు గారి గోడమ్మా, ఆయన చెప్పకుండా మేం చెయ్యి పెట్టం." ఒక మేస్త్రి గోడను ఇంకో మేస్త్రి ముట్టుకోడన్న కట్టుబాటు నాకూ తెలుసు. నువ్వు చెప్పవని కూడా తెలుసు. కానీ ఆ కట్టుబాటు మేస్త్రులకే కదా, తట్టలు మోసేవాళ్లకు కాదు కదా. అందుకని మేమే మొదలుపెట్టాం. తొడిమలు తీసే రసూల్‌బీ నలభై ఏళ్లు తట్టలు మోసిన మనిషి. మాలులో ఇసుక ఎంతో సిమెంటు ఎంతో చేత్తో పట్టి చెబుతుంది. నలుగురం తాపీలు కొనుక్కున్నాం.

ఇక అసలు మాట. మూడడుగులు తవ్వాం, అంతా నల్లమట్టే. గ్రావెల్ పలుకు ఒక్కటి లేదు. గోడ వెనక గ్రావెల్ పోశానని బల్ల గుద్ది చెప్పావే. సొంత చెల్లెలి ఇంటికి ఇంత అబద్ధపు పని చేస్తావా? ఇది రెబెకా వదిన చేత పిల్లల ముందు గట్టిగా చదివించుకో.

ఫెబా

గుంటూరు,
అక్టోబరు 30

అన్నయ్యా,

ఇది కూడా పిల్లల ముందే చదివించుకో.

నాలుగో అడుగులో గ్రావెల్ తగిలింది. దాని కింద నీళ్లు పోయే గొట్టం, నువ్వు వేసింది వేసినట్టే ఉంది. నాకేం అర్థం కాక గట్టు మీద కూర్చుండిపోయాను. అప్పుడు రసూల్‌బీ అంది: "మర్చిపోయావామ్మా? ముసురు పట్టిన ఏడు మిరపకాయల ఆటోలు బురదలో దిగబడతన్నాయని ఈ గ్రావెల్ తవ్వించి సందులో పోయించింది నువ్వే కదా."

నేనే. గుంట పడిందని అందులో చేలో నల్లమట్టి తెప్పించి పోయించిందీ నేనే. మట్టి బాగుందని అరటి పిలకలు నాటి, స్నానాలగది నీళ్లు వాటికి మళ్లించాను. మూడేళ్లపాటు ఆ గోడకు రోజూ నా చేత్తో నేనే నీళ్లు పట్టాను. ఆ గెలల్లో ఒకటి మీ ఇంటికి కూడా పంపాను, తిన్నారు.

నువ్వు అబద్ధమాడలేదు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను, క్షమించు. కానీ నా తప్పు బయటపడిందని ఆనాడు నువ్వు తన్నిన తన్ను ఒప్పయిపోదు. దేని లెక్క దానిదే. నా వంతు నేను ఒప్పుకున్నాను, నీ వంతు నీ ఇష్టం.

పనంతా అయిపోయింది. అరటి చెట్లు తీసేశాం, స్నానాల నీళ్లు వీధి కాలవకు తిప్పాం. పగిలిన ఇటుకలు మేమే మార్చాం. మొదటి రోజు పేర్చిన వరస ఊడదీసి మళ్లీ పేర్చాను, రెండో రోజు ఆ అవసరం రాలేదు. మొన్న నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. రోజూ పొద్దున్నే దారం కొలిచాను. ఆ అంగుళమున్నర పొట్ట అలాగే ఉంది, అది ఇక పోదట, కానీ నూలు కూడా పెరగలేదు. కింద పన్నెండు మందీ కూర్చుని తుమ్ముతూ తొడిమలు తీస్తున్నారు.

రేపు నేనూ రసూల్‌బీ పెదకాకాని వెళ్తున్నాం. అక్కడ ఒకరింట్లో సెల్లార్ గోడ ఇలాగే ఉబ్బిందట, ఉజ్మా మా సంగతి చెప్పిందట. ఆ ఇంటాయన ఫోన్ చేసి మేస్త్రి ఎవరని అడిగాడు. నీ పేరు చెబితే ఆయన వెంటనే నమ్మేవాడే.

నా పేరు చెప్పాను.

ఫెబా