వరుసలో నీ పని

తమ్ముడూ,

నిన్న నీ తొలి మాసికం పెట్టాం. ఇవాళ నీతో పనిచేసిన సునీత ఫోన్ చేసింది. పాలమూరు బోర్లలో నీళ్లెంతకాలం నిలుస్తాయో లెక్కగట్టమని, మీ ఆఫీసులో అందరూ వంతులవారీగా వాడుకునే కంప్యూటర్ల పనుల వరుసలో నువ్వు పెట్టిపోయిన పని ఇప్పుడే మొదలైందట.

“ఎవరడిగినా అన్న ‘ముందు నీది పోనియ్’ అని తనది ఎనకకు జరుపుకునేటోడక్కా. గందుకే ఇయ్యాల మేమందరం జరిగినం. పొద్దుగూకే వరకు అయిపోతది. అయినంక అన్న పేరు వరుసలకెళ్లి తీసేస్తరు.”

“జర ఆపరాదా, బిడ్డా?” అన్నాను.

“ఆపితే మల్ల మొదటికొస్తదక్కా. బోర్లు ఏసుకునేటోళ్లు ఎదురుచూస్తున్నరు.”

అయిపోగానే ఫోన్ చేస్తానంది. దీపం ముట్టించి, ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అది మోగకూడదని మొక్కుతున్నానురా.

నీ పెద్దక్క