యాకోబు చిర్ర

సూర్యాపేట, 1949. ఆదివారం రాత్రి.

మా ఆయన యాకోబు పోయాక ఆయన డప్పును ఎవరూ ముట్టలేదు. నిడమనూరులో పెళ్లికి కావాలని ఇవాళ మరిది దావీదు అడిగితే గోడ మీంచి దించి ఇచ్చాను. గడ్డిమంట మీద తోలు కాచి, తన కుడిచేతి చిర్రపుల్లతో నాలుగు దెబ్బలు వేశాడు. ఖంగుమంది. ఆయన వాయిస్తే అలా పలికేది కాదు. దగ్గరికెళ్లి చూస్తే తోలు మీద తెల్లటి గాట్లు.

"దావీదూ, నీ చిర్ర మొన సూదిలెక్క ఉన్నది. తోలు పలుగుతది" అన్నాను.

"సన్నగుంటెనే ఊరంత ఇనబడ్తది ఒదినె. అన్నది మొద్దు చిర్ర."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. పెట్టెలోంచి ఆయన చిర్ర తెచ్చి చేతిలో పెట్టాను. దాని కొస గుండ్రంగా, నున్నగా అరిగి ఉంది. దావీదు దానితో మెల్లగా మొదలుపెట్టాడు. శబ్దం నిండుగా, లోతుగా వచ్చింది. అచ్చం ఆయన వాయించినట్టే. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడే లోపలి నుంచి మామ పిలిచాడు. చూపు పోయిన మనిషి. కొడుకు చనిపోయాడని మామకు ఒకరోజు గుర్తుంటుంది, ఒకరోజు ఉండదు.

"యాకోబూ, వచ్చినవా బిడ్డా? అన్నం తిన్నవా?"

దావీదు చెయ్యి ఆగిపోయింది. ఆపొద్దని సైగ చేశాను. వాడు ఏడుస్తూనే, మామ నిద్రపోయేదాకా వాయించాడు.

పొద్దున్నే డప్పు తీసుకుని వెళ్లిపోతాడు. మామ లేచి కొడుకేడని అడిగితే ఏం చెప్పాలో...