తిరుపతయ్యగారి పద్యానికి ట్రాక్ వద్దు

హర్షా,

సాంబార్ వేడి చేసుకుని తిను. నాలుగింటికి మా పాప ఇషాని స్విమ్మింగ్ నుంచి పికప్ చెయ్. నేను హార్మోనియం కార్లో వేసుకుని తిరుపతయ్యగారింటికి వెళ్తున్నాను. ఉగాది నాటకంలో రాజు వేషం ఇక వెయ్యనని నిన్న పార్కింగ్ లాట్‌లో నాతో చెప్పేశారు.

కారణం నీ ట్రాక్. నెల రోజులు బయటి చప్పుడు పడకుండా నా చీరల క్లోజెట్‌లో దూరి, ఒక్కడివే లాప్‌టాప్ మీద నాటకం మ్యూజిక్ అంతా కంపోజ్ చేశావు. ఇదివరకు మనిద్దరం పాడేవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఊపిరి చూసి బాణీ కట్టేవాళ్ళం. నిన్న రిహార్సల్లో, కొడుకు పోయిన రాజు పాడే పద్యం చివర ఆయన రాగం ఎత్తుకున్నారు. మధ్యలో ఒక్క క్షణం ఆగారు. ట్రాక్ ఆగలేదు. తర్వాతి సీన్‌లోని పెళ్ళి పాట డప్పులతో మొదలైపోయింది. పిల్లలు నవ్వారు. నువ్వేమో "అంకుల్, బీట్ మిస్ అయ్యారు" అన్నావు. డెబ్భై ఏళ్ళ మనిషిరా ఆయన.

"నా కోసం ఆగని పాట నేనెందుకు పాడాలమ్మా?" అన్నారు నాతో.

నేను వచ్చేలోగా ఆ పద్యం కింద ఉన్న మ్యూజిక్ మొత్తం తీసెయ్. అక్కడ నేను వాయిస్తాను. ఆయన ముగించాక నీకు సైగ చేస్తాను, అప్పుడు పెళ్ళి పాట ప్లే చెయ్. వాదించకు. ఆయనకి ఈ మాట ఇచ్చేస్తున్నాను.

అక్క

బాణీ మాత్రం బాగుందిరా. పొద్దున్నుంచీ అదే పాడుకుంటున్నాను. అందుకే ఇంత కోపం.